పక్షవాతం వచ్చిన నాన్నగారికి ఇంట్లో ముందుగా ఏం కొనాలి?

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. నాన్నగారికి 67 ఏళ్ళు. నాలుగు నెలల క్రితం స్ట్రోక్ వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మాట వస్తోంది కానీ కాస్త ముద్దగా ఉంది. ఎవరైనా పట్టుకుంటే లేచి నిలబడి నాలుగడుగులు వేస్తున్నారు. తెనాలి దగ్గర పల్లెలో సొంత డాబా ఇల్లు, చూసుకునేది అమ్మగారు ఒక్కరే. మీరు పుణేలో ఉన్నారు. లక్షన్నర దాకా పెట్టగలనన్నారు. అలెక్సా (మాట వింటే పని చేసే స్పీకరు), స్మార్ట్ బల్బులు, కెమెరా, మోటారు మంచం, వీటిలో ఏది ముందు కొనాలని అడిగారు.

సూటిగా చెప్తాను. ఆ నాలుగింటిలో ఏదీ ముందు కొనకండి. మొదటి డబ్బు బాత్రూమ్‌కి పెట్టండి. తర్వాత మంచం ఎత్తు సరిచేయించండి. ఆ తర్వాత ఒక వైర్‌లెస్ కాలింగ్ బెల్లు, ఒక రిమోట్ ఫ్యాను. ఇవి అయ్యాక అలెక్సా గురించి ఆలోచించవచ్చు. మోటారు మంచం మాత్రం ఇప్పుడు వద్దు.

నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని, అంటే జబ్బు తర్వాత రోజువారీ పనులు మళ్ళీ సొంతంగా చేసుకోవడానికి సాయం చేసే మనిషిని. పదహారేళ్ళుగా విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఇళ్ళకు వెళ్ళి స్ట్రోక్, వెన్నుపూస దెబ్బలు, పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళతో పని చేస్తున్నాను. కొత్త ఇంటికి వెళ్ళిన మొదటి రోజు మనిషిని ఒకటే అడుగుతాను: "ఏ పని ఎవరి సాయం లేకుండా మీరే చేసుకోవాలని ఉంది?" పదిమందిలో ఎనిమిదిమంది చెప్పేది ఒకటే, బాత్రూమ్‌కి వెళ్ళి రావడం. లైట్లు మాట్లాడితే వెలగాలని ఇప్పటిదాకా ఏ పెద్దాయనా కోరలేదు. మీరు కూడా ఫోన్లో నాన్నగారినే అడగండి. అమ్మగారిని కాదు, ఆయన్ని. ఆయన జవాబును బట్టి నేను చెప్పిన వరస మారినా ఫర్వాలేదు.

బాత్రూమ్

గుంటూరులో ఒక పెద్దాయన ఉండేవారు, మీ నాన్నగారిలాగే ఎడమ పక్క పడిపోయింది. కమోడ్ పక్కన టవల్ రాడ్డు ఉంది. లేచేటప్పుడు రోజూ దాన్నే పట్టుకునేవారు. ఇంట్లో వాళ్ళు కూడా చేతికి ఆధారం ఉందిలే అనుకున్నారు. ఒక తెల్లవారుజామున అది స్క్రూలతో సహా ఊడి చేతిలోకి వచ్చేసింది. తుంటి ఎముక విరిగింది. నేను వెళ్ళేసరికి ఆ రాడ్డు ఇంకా బాత్రూమ్ మూల ఆనించి ఉంది. స్క్రూకి అంటుకుని వచ్చిన ప్లాస్టిక్ ప్లగ్గు చిటికెన వేలి కొసంత కూడా లేదు. నిండు మనిషి బరువు దాని మీద వేలాడింది. టవల్ ఆరేసుకోవడానికి పెట్టినది మనిషిని మొయ్యలేదు. రబ్బరు కప్పుతో గోడకు అతుక్కునే హ్యాండిల్స్ ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతాయి, అవి కూడా కొనకండి. టైలు తడిసినా, గాలి చొరబడినా చెప్పకుండా ఊడిపోతాయి.

కావలసింది స్టెయిన్‌లెస్ స్టీల్ గ్రాబ్ బార్లు, అంటే పట్టుకుని లేవడానికి గోడకు బిగించే కడ్డీలు. పిడికిట్లో బిగువుగా ఇమిడే లావు ఉండాలి, అంటే ఒకటిన్నర అంగుళం లోపు. పొడవాటి స్క్రూలతో టైలు దాటి ఇటుకలోకి దిగాలి. బిగించాక మీ ఊరి ప్లంబర్ని దాని మీద పూర్తి బరువు వేసి వేలాడి చూపించమనండి. వెనకాడితే మళ్ళీ బిగించమనండి.

ఎక్కడ బిగించాలి? ఆయనకు పని చేసేది కుడి చెయ్యి కాబట్టి కమోడ్‌కి కుడి పక్కన ఒకటి కచ్చితంగా ఉండాలి. ఎత్తు ఏ పుస్తకంలోనూ వెతక్కండి. నాన్నగారిని కమోడ్ మీద కూర్చోబెట్టి కుడి చెయ్యి గోడకు ఆనించమనండి. మోచెయ్యి కొద్దిగా వంగి, కిందికి నొక్కితే ఒంటి బరువు పైకి లేచే చోట సుద్దముక్కతో గీత పెట్టండి. అక్కడ అడ్డంగా ఒక బార్. దానికి కాస్త ముందు, లేచి నిలబడ్డాక పట్టుకోవడానికి నిలువుగా ఇంకొకటి.

చాలామంది మరిచిపోయేది ఒకటుంది. లోపలికి వెళ్ళేటప్పుడు కుడి పక్కన ఉన్న గోడ, బయటికి వచ్చేటప్పుడు ఎడమ పక్కకు వస్తుంది. ఎడమ చెయ్యి పట్టలేదు. నా మొదటి ఏళ్ళలో ఒక ఇంట్లో నేనే ఒక పక్కనే బార్ పెట్టించాను. ఆయన లోపలికి బాగా వెళ్ళారు. బయటికి రావడానికి ఏ ఆధారమూ లేక అరగంట లోపలే కూర్చుండిపోయారు. అప్పటినుంచి గుమ్మానికి రెండు పక్కలా పెట్టిస్తున్నాను.

తలుపు సంగతి కూడా చూడండి. మన ఇళ్ళలో బాత్రూమ్ తలుపు లోపలికి తెరుచుకుంటుంది. లోపల ఎవరైనా పడితే సరిగ్గా తలుపుకు అడ్డంగా పడతారు, బయటినుంచి తోసినా రాదు. కబ్జాలు మార్చి తలుపు బయటికి తెరుచుకునేలా చేయించండి. లోపలి గడియ తీసేసి, బయటినుంచి కూడా తియ్యగలిగేది పెట్టించండి. ఆ పని వడ్రంగికి ఒక పూట.

స్నానానికి వెనక ఆనుడు ఉన్న ప్లాస్టిక్ కుర్చీ, కాళ్ళకు రబ్బరు తొడుగులతో. బకెట్ నేల మీద పెడితే చెంబు ముంచడానికి ముందుకు వంగాలి, అలా వంగినప్పుడే తూలిపోతారు. బకెట్‌ని కుడి పక్కన చిన్న పీట మీదో స్టూలు మీదో పెట్టండి. పట్టుకున్న చేత్తోనే నొక్కగలిగే హ్యాండ్ షవర్ ఉంటే ఇంకా హాయి. ఒక జాగ్రత్త: స్ట్రోక్ తర్వాత ఎడమ పక్క చర్మానికి వేడి సరిగ్గా తెలియకపోవచ్చు. నీళ్ళ వేడి ఎప్పుడూ కుడి చేత్తోనే చూసుకోవాలి.

కమోడ్ సీటు నేలనుంచి పద్ధెనిమిది అంగుళాలు ఉంటే లేవడం తేలిక. మీ ఇంట్లో తక్కువగా ఉంటే పైన బిగించే ఎత్తు సీట్లు దొరుకుతాయి. పాత పద్ధతి లెట్రిన్ మాత్రమే ఉంటే కమోడ్ కుర్చీ కొనండి. రాత్రిళ్ళు అదే కుర్చీ మంచం పక్కన కూడా పనికొస్తుంది.

మంచం

మోటారు మంచం ఎందుకు వద్దన్నానంటే, స్ట్రోక్ తర్వాత ఎక్కువ మెరుగుదల మొదటి ఆరు నెలల్లోనే కనిపిస్తుంది. ఆయన నాలుగో నెలలో ఉన్నారు. పక్కకు తిరగడం, మోచేతి మీద లేవడం, అంచున కూర్చోవడం, ఇవన్నీ ఇప్పుడు రోజుకు పదిసార్లు ఆయనే చెయ్యాలి. బటన్ నొక్కితే మంచమే లేపి కూర్చోబెడితే ఆ అభ్యాసం ఆగిపోతుంది. పైగా ఆసుపత్రి తరహా మంచాలు చాలావరకు ఎత్తుగా ఉంటాయి, నర్సులు నిలబడి పని చేసుకోవడానికి వీలుగా చేసినవి. అంచున కూర్చుంటే ఆయన పాదాలు గాల్లో వేలాడతాయి. పాదం నేలకు ఆనకపోతే లేవడం కుదరదు.

ఉన్న మంచమే వాడండి. పరుపుతో కలిపి దాని ఎత్తు, ఆయన కూర్చుంటే రెండు పాదాలూ మడమలతో సహా నేలకు ఆనేంత ఉండాలి. తక్కువైతే కాళ్ళ కింద గట్టి చెక్క దిమ్మెలు పెట్టించండి, మధ్యలో గుంట తొలిచి కాలు అందులో దిగేలా ఉండాలి. ఎడమ పక్క గోడకు, కుడి పక్క ఖాళీగా ఉంచితే దిగేటప్పుడు బాగున్న కాలు, చెయ్యి ముందు పని చేస్తాయి.

ఎయిర్ బెడ్, అంటే పడక పుండ్లు రాకుండా వేసే గాలి పరుపు, అందరూ కొనమంటారు. రోజంతా పడుకునే ఉండేవాళ్ళకు అది చాలా అవసరం. అయినా రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం మానకూడదు. మీ నాన్నగారు కూర్చుంటున్నారు, నిలబడుతున్నారు. మెత్తగా కుంగే పరుపు మీదనుంచి లేవడం ఆయనకు మరింత కష్టం. కాబట్టి పడక పుండ్ల మచ్చలేమైనా కనిపిస్తే తప్ప అది వద్దు. నడుము కింద, మడమల దగ్గర చర్మం ఎర్రబడి, వేలితో నొక్కితే కూడా ఎరుపు పోకుండా ఉందేమో అమ్మగారిని రోజూ చూడమనండి.

పిలిచే దారి

మొత్తం ఖర్చులో అన్నిటికంటే తక్కువ పెట్టి ఎక్కువ మార్పు చూసింది దీనితోనే. గుమ్మం దగ్గర పెట్టుకునే వైర్‌లెస్ బెల్లు, నాలుగైదు వందల్లో వస్తుంది. మోగేది వంటింట్లో ప్లగ్గుకి పెట్టండి, నొక్కేది నాన్నగారి దగ్గర. ఇంటర్నెట్ అక్కర్లేదు, యాప్ అక్కర్లేదు. అమ్మగారు పెరట్లో బట్టలు ఆరేస్తున్నా వినిపిస్తుందో లేదో ముందే పరీక్షించండి. ఇది వచ్చాక ఆడవాళ్ళ ముఖంలో కనిపించే తేడా నేను ఎన్నో ఇళ్ళలో చూశాను. అప్పటిదాకా స్నానానికి వెళ్ళినా తలుపు తెరిచే ఉంచుకుంటారు, కుక్కర్ కూతకు కూడా ఉలిక్కిపడతారు. అమ్మగారి టెన్షన్ సగం దానితోనే పోతుంది.

నొక్కే బటన్ ఎక్కడ ఉండాలన్నది పెద్ద విషయం. వాచీలాగా చేతికి కట్టాలని అందరూ అనుకుంటారు. కుడి చేతికి కడితే దాన్ని నొక్కాల్సింది ఎడమ చెయ్యి, అది లేవదు. ఎడమ చేతికి కడితే ఆ చేతికి తరచూ వాపు వస్తుంది, బిగుసుకుంటుంది. మెడలో దారానికి కట్టండి. పడిపోతే గుర్తించే స్మార్ట్ వాచీలకీ ఇదే చిక్కు ఉంది, పైగా వాటికి ఛార్జింగ్ పెట్టడం ఎవరో ఒకరు గుర్తుపెట్టుకోవాలి. బాత్రూమ్‌లో రెండో బటన్ పెట్టండి, కానీ స్విచ్ బోర్డు ఎత్తులో కాదు. నేల మీద పడి ఉన్న మనిషికి అందాలి. గోడ అడుగున, నేలకు జానెడు ఎత్తులో అతికించి పైన ప్లాస్టిక్ కవరు చుట్టండి.

ఇక్కడే ఒక పరీక్ష చెయ్యమనండి. భోజనం అయ్యాక నాన్నగారి కంచం చూడమనండి. ఎడమ పక్కన పెట్టిన కూర, పచ్చడి ముట్టుకోకుండా వదిలేసి, "కూర వెయ్యలేదేం?" అంటున్నారా? గడ్డం గీసుకుంటే ఎడమ బుగ్గ మీద అలాగే వదిలేస్తున్నారా? మెదడు కుడి భాగం దెబ్బతిన్నవాళ్ళలో కొందరికి ఎడమ పక్క ప్రపంచం ఉన్నట్టే తోచదు. కళ్ళు బాగానే ఉంటాయి, ధ్యాస అటు వెళ్ళదు. అలా ఉంటే బెల్లు, ఫోను, మంచినీళ్ళు, ఫ్యాను రిమోటు అన్నీ కుడి పక్కనే ఉండాలి. కబుర్లు చెప్పేవాళ్ళు మాత్రం ఎడమ పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి, ధ్యాస అటు తిరగడానికి అది మంచి అభ్యాసం. ఈ లక్షణం ఉంటే మీ థెరపిస్టుకి, డాక్టరుగారికి తప్పకుండా చెప్పండి. నడిచేటప్పుడు ఎడమ భుజం గుమ్మాలకు తగిలి పడిపోయేది వీళ్ళే.

ఫ్యాను, లైట్లు, అలెక్సా

ఫ్యాను ముందు మార్చండి. రిమోట్‌తో వచ్చే బీఎల్‌డీసీ ఫ్యాన్లు (తక్కువ కరెంటుతో నడిచే కొత్త రకం) ముప్ఫై వాట్ల దగ్గర తింటాయి, పాత ఫ్యాన్లు డెబ్భై అయిదు దాకా. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద రెట్టింపు పైగా సేపు తిరుగుతుంది. అర్ధరాత్రి చలేస్తే ఫ్యాను తగ్గించడానికి భార్యని లేపక్కర్లేకపోవడం పైకి చిన్న సంగతే, కానీ ఆ మాట చెప్తూ కళ్ళ నీళ్ళు పెట్టుకున్న మనుషుల్ని చూశాను. ఆ రిమోటుకి ఒక తాడు కట్టి మంచానికి వేలాడదీయండి, లేకపోతే రోజూ మంచం కిందే ఉంటుంది.

స్మార్ట్ బల్బుల సంగతి. విదేశంలో ఉన్న ఒక అమ్మాయి తండ్రికి ఆరు బల్బులు, స్పీకరు పంపింది. మొదటి వారం అందరూ సరదాగా వాడారు. కానీ వాళ్ళమ్మ నలభై ఏళ్ళుగా గదిలోంచి బయటికొస్తూ గోడ స్విచ్ ఆపేసే మనిషి. గోడ మీద స్విచ్ ఆపితే స్మార్ట్ బల్బుకి కరెంటే ఉండదు, ఎంత పిలిచినా వెలగదు. నేను రెండోసారి వెళ్ళేసరికి మళ్ళీ ట్యూబ్‌లైటే. తప్పు ఆవిడది కాదు. అలవాటు ఉన్న ఇంట్లో స్విచ్ బోర్డు వెనక పెట్టే స్మార్ట్ రిలే వాడాలి. గోడ మీద నొక్కినా పని చేస్తుంది, మాటకూ పని చేస్తుంది. ఎలక్ట్రీషియన్‌తోనే పెట్టించండి. గీజరుకి మాత్రం మామూలు స్మార్ట్ ప్లగ్గు పెట్టకండి, 16 ఆంపియర్లది కావాలి. అంతకంటే తేలిక దారి కూడా ఉంది: మంచం పక్కన ఒక టూ వే స్విచ్ (ఒకే లైటును రెండు చోట్లనుంచి వేసి ఆపగలిగేది), బాత్రూమ్ దారిలో మనిషి కదిలితే వెలిగే చిన్న సెన్సార్ లైట్లు. నాన్నగారికి ప్రస్తుతం ఇవే చాలు.

అలెక్సా మీద నాకు చిన్నచూపు లేదు. గోదావరి వైపు ఒక కుర్రాడు కల్లు గీస్తూ తాడిచెట్టు మీదనుంచి పడ్డాడు. మెడ దగ్గర వెన్నుపూస దెబ్బతింది. భుజాలు కాస్త కదులుతాయి, వేళ్ళు కదలవు. పగలు అమ్మ కూలికి వెళ్ళేది. మెడ దగ్గర దెబ్బ తగిలినవాళ్ళకు దెబ్బ కింది భాగంలో చెమట సరిగ్గా పట్టదు, ఒంటి వేడి బయటికి పోయే దారి ఉండదు. మే నెలలో మధ్యాహ్నం ఫ్యాను ఆగితే అది వాళ్ళకు ఉక్కపోత మాత్రమే కాదు, ప్రాణం మీదికి వచ్చే విషయం. ఆ ఇంట్లో మేం మొట్టమొదట పెట్టింది స్పీకరు, ఫ్యానుకి రిలే. "అలెక్సా, ఫ్యాన్ ఆన్" అన్నాడు. తిరిగింది. "ఆఫ్" అన్నాడు. మళ్ళీ "ఆన్". పదిసార్లు అలా చేశాడు, మేమెవరం ఆపలేదు. ఇప్పుడు ఫోన్లు కూడా మాటతోనే చేసుకుంటున్నాడు.

అంటే చేతులు అసలు పని చెయ్యనివాళ్ళకు అది మొదటి వస్తువు. నాన్నగారికి కుడి చెయ్యి బాగుంది, రిమోటు నొక్కగలరు. పైగా మాట ముద్దగా ఉందన్నారు. అలాంటి మాటను స్పీకరు సగం సార్లు పట్టుకోలేదు, నాలుగుసార్లు అరిచి విసుగెత్తి వదిలేస్తారు. స్పీకరుతో తెలుగులో మాట్లాడాలనుకుంటే కుదరదు, మన దేశంలో అది ఇంగ్లీషు, హిందీ వింటుంది. ఫ్యాన్, లైట్, ఆన్, ఆఫ్ మన పెద్దవాళ్ళు వాడే మాటలే కాబట్టి అంతవరకు ఇబ్బంది లేదు. కొనేముందు మీ ఫోన్లో ఉన్న వాయిస్ అసిస్టెంట్‌తో ఆయన్ని మాట్లాడించి చూడండి, పట్టుకుంటుందో లేదో పది నిమిషాల్లో తెలిసిపోతుంది. ఆపదలో పిలవడానికి మాత్రం దాన్ని నమ్ముకోవద్దు. 108కి, 112కి అది ఫోన్ చెయ్యదు. నెట్ పోతే మూగబోతుంది. మీరు ఏం కొన్నా, రౌటరుతో సహా ఇన్వర్టర్ లైను మీదికి వేయించండి.

కెమెరా గురించి నా అభిప్రాయం గట్టిగానే ఉంది. దూరంగా ఉన్న పిల్లల ఆరాటం నాకు అర్థమవుతుంది. కానీ ఆ గదిలోనే ఆయనకు బట్టలు మారుస్తారు, కమోడ్ కుర్చీ మీద కూర్చోబెడతారు. ఆయన ఒప్పుకుంటేనే పెట్టండి, పడగ్గదిలో కాకుండా హాల్లో పెట్టండి, ఎప్పుడు చూస్తున్నారో ఆయనకు తెలియాలి. రోజూ ఒక వీడియో కాల్ చేస్తే మీకు కెమెరా కంటే ఎక్కువ తెలుస్తుంది.

మెట్లు, గడప

చక్రాల కుర్చీకి ర్యాంపు కట్టిస్తే అంగుళం ఎత్తుకు అడుగు పొడవు లెక్క. మూడు మెట్లు కలిపి ఇరవై ఒక్క అంగుళాలు ఉంటే ఇరవై ఒక్క అడుగుల ర్యాంపు కావాలి. స్థలం లేదని సగం పొడవులో కట్టిస్తే కుర్చీని అమ్మగారు ఒక్కరే దింపలేరు, చెయ్యి జారితే ఆపలేరు. వాకిలి పక్కగా మలుపు తిప్పి కట్టించవచ్చేమో మేస్త్రీతో మాట్లాడండి. ఆయన నడిచే దశలో ఉన్నారు కాబట్టి ముందు మెట్లకు రెండు పక్కలా రెయిలింగు వేయించడమే మేలు.

గడప కోసేయమని కొందరు సలహా ఇస్తారు. పసుపు రాసి బొట్టు పెట్టే గడపను కోయమంటే అమ్మగారు ఒప్పుకోరు, ఒప్పించాల్సిన అవసరమూ లేదు. గడపకు రెండు పక్కలా చెక్కతో ఏటవాలు ముక్కలు చేయించి ఆనిస్తే సరిపోతుంది. గుమ్మాల దగ్గర డోర్ మ్యాట్లు మాత్రం ఈరోజే తీసెయ్యమనండి. ఎడమ పాదం ఈడుస్తున్న మనిషికి బొటనవేలు ముందుగా తగిలేది వాటికే.

డబ్బు

బాత్రూమ్ మొత్తం ముప్ఫై వేల లోపు అవుతుంది, టైల్స్ మార్చకపోతే ఇంకా తక్కువ. చక్రాల కుర్చీ, వాకరు లాంటివి విజయవాడ, గుంటూరుల్లో నెల అద్దెకు దొరుకుతాయి. ఆరు నెలలు దాటేదాకా అద్దెకే తీసుకోండి, ఆయన అవసరం మారుతూ ఉంటుంది. 60 దాటిన, ఆదాయం తక్కువ ఉన్న పెద్దవాళ్ళకు రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద చేతికర్రలు, వాకర్లు, చక్రాల కుర్చీలు ఉచితంగా ఇస్తారు. ఈ పథకం మొదలైంది మన నెల్లూరులోనే, 2017 ఏప్రిల్ 1న. మీ కుటుంబానికి వర్తించకపోయినా ఊళ్ళో అవసరమున్నవాళ్ళకు చెప్పండి. వైకల్యం 40 శాతం గానీ అంతకు మించి గానీ ఉంటే సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం), యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) కోసం దరఖాస్తు పెట్టుకోండి.

మిగిలిన డబ్బులో కొంత అమ్మగారికి సాయంగా పొద్దున పూట ఒక మనిషిని పెట్టడానికి ఉంచండి. పడిపోయిన చెయ్యి పట్టుకుని లాగి లేపకూడదని ఆ మనిషికి మొదటి రోజే చెప్పాలి, భుజం కీలు జారిపోతుంది. నడుముకు బెల్టు కట్టి దాన్ని పట్టుకుని లేపాలి. ఎలాగో మీ ఫిజియోని చూపించమనండి.

ఈ ఆదివారం అమ్మగారితో నాలుగు కొలతలు తీయించి ఇక్కడ రాయండి: బాత్రూమ్ గుమ్మం లోపలి వెడల్పు, కమోడ్ సీటు ఎత్తు, పరుపుతో కలిపి మంచం ఎత్తు, నాన్నగారు కూర్చున్నప్పుడు నేలనుంచి మోకాలి మడత దాకా ఎత్తు. బాత్రూమ్ ఖాళీగా ఉన్నప్పుడు గుమ్మంలోంచి ఒక ఫోటో కూడా పెట్టండి. బార్లు ఎక్కడెక్కడ రావాలో దాని మీదే గుర్తులు పెట్టి పంపుతాను.